నాంచారయ్య గారి ఎడమ ఛానెల్

1998లో నా షాపు విజయవాడ గవర్నరుపేటలో ఒక సందులో ఉండేది. ఒక పక్క హోమియో మందుల కొట్టు, ఇంకో పక్క పెళ్ళి కార్డుల ప్రెస్సు. ఆ రెండింటి మధ్య ఎంత ఇరుకంటే, నేను తుమ్మితే హోమియో డాక్టరు గారు పొట్లం కట్టి పంపేవారు. నా పని యాంప్లిఫయర్ల రిపేరు. పెళ్ళి పందిళ్ళలో పెట్టే మైకుసెట్లవి కొన్ని. ఇళ్ళల్లో కూర్చుని సంగీతం వినేవాళ్ళవి కొన్ని. ఈ రెండో రకం తక్కువగా వచ్చేవి కానీ, వస్తే మాత్రం షాపులో నాకు నిలబడే చోటు ఉండేది కాదు.

ఈ పని ఎలా ఉంటుందని అడిగేవాళ్ళకి నేను మామూలుగా నవ్వించే కేసులే చెబుతాను. ఎలుకలు వైర్లు కొరికి షాకు తిని బుద్ధి తెచ్చుకుని శాకాహారులైన కేసు ఒకటుంది, అది బాగా నడుస్తుంది. నాంచారయ్య గారి కేసు మాత్రం నేనుగా ఎప్పుడూ ఎత్తను. దాంట్లోనూ ఒక చోట నవ్వొస్తుంది. ఆ నవ్వు గుర్తొస్తేనే నాకు అన్నం సహించదు.

ముందు సామాను సంగతి చెప్పాలి. క్యాసెట్లోంచో సీడీలోంచో బయటికొచ్చే సంగీతం చీమ గొంతంత ఉంటుంది. దాన్ని స్పీకరు కదిలేంత బలంగా చేసేది పవర్ యాంప్లిఫయర్. స్టీరియో అంటే దాంట్లో రెండు దారులుంటాయి, ఎడమ ఛానెల్, కుడి ఛానెల్. రెండు స్పీకర్లు, మధ్యలో కుర్చీ, కుర్చీలో మనిషి. మంచి యాంప్లిఫయర్ అయితే కళ్ళు మూసుకున్నప్పుడు స్పీకర్లు మాయమైపోతాయి. వయొలిన్ ఆయన ఇక్కడ కూర్చున్నాడు, మృదంగం ఆయన అక్కడ కూర్చున్నాడు అని వేలు పెట్టి చూపించవచ్చు.

నాంచారయ్య గారిది అలాంటి మంచి యాంప్లిఫయర్. తొంభైల మొదట్లో రొయ్యల చెరువులు డబ్బు కురిపించినప్పుడు మన డెల్టాలోకి రాని వస్తువు లేదు. ఒక చెరువుల ఆసామి విదేశం నుంచి ఓడమీద తెప్పించుకున్నాడు దీన్ని. రొయ్యకి తెగులొచ్చి చెరువులు ఎండాక, ఆయన ఇంట్లో సామాను ఒక్కొక్కటే చేతులు మారింది. యాంప్లిఫయరూ, స్పీకర్లూ నాంచారయ్య గారింటికి చేరాయి. పాట వస్తున్నా రాకపోయినా కరెంటు తాగుతూ ఒకేలా కాలుతూ ఉండే రకం అది. మా వాళ్ళు దాన్ని క్లాస్ ఏ అంటారు. ఆ వేడి బయటికి పోవడానికి రెండు పక్కలా హీట్ సింకులు, అంటే దువ్వెన పళ్ళలాంటి అల్యూమినియం రెక్కలు ఉంటాయి. దాన్ని మొదటిసారి నా షాపుకి తెచ్చిన ఆటో ముందు చక్రం బెంజి సర్కిల్ దగ్గర్నుంచి మా సందు దాకా నేలకి తగల్లేదు. నేను కాస్త తగ్గించే చెబుతున్నాను. నాంచారయ్య గారి భార్య సీతారావమ్మ గారు ముసురు రోజుల్లో దానిమీద పళ్ళెం పెట్టి వడియాలు ఆరబెట్టేవారు. ఇది మాత్రం కల్పన కాదు, నేను తిన్నాను.

నాంచారయ్య గారికి యాభై దాటి ఉంటాయి. కుర్రతనంలో మరబోటు మీద ఇంజను దగ్గర పనిచేశారు. తర్వాత బందరు అవతల వాళ్ళ ఊరి రేవులో చేపల పాట, అంటే వేలంపాట, పాడేవారు. బోట్లు రాగానే వంజరం ఒక రాశి, చందువ ఒక రాశి ఇసకమీద పోస్తారు. రాశి పక్కన నిలబడి ధర అరిచి, చుట్టూ ఉన్నవాళ్ళు పెంచుతుంటే ఆఖరి గొంతు ఎవరిదో పట్టుకుని వాళ్ళకి ఖాయం చెయ్యాలి. అంతా నోటిమాట. అందరూ ఒక్కసారే అరుస్తారు, గాలి హోరు, ఇంజన్ల మోత, కాకులు. ఆ గోలలో ఫలానా మాట ఫలానా మనిషిదని తేల్చేది పాట పాడే ఆయన చెవి ఒక్కటే. ఆయన చెప్పాక ఇక తిరుగులేదు. ఆ రేవులో ఇంకో అలవాటుంది. తట్టల్లో చేపలు మోసుకెళ్ళి ఊళ్ళల్లో అమ్ముకునే ఆడవాళ్ళు పాట పాడే ఆయనకి ఎడమ పక్కన నిలబడతారు. ఐసు పెట్టెలతో వచ్చే లారీల వాళ్ళు కుడి పక్క. నాంచారయ్య గారి నాన్న పాడే రోజులనుంచీ అంతే.

షాపుకొచ్చి ఆయన చెప్పిన కంప్లయింటు ఇది.

"ఎడం పక్క ఎండిపోతోందండీ మూర్తిగారూ."

"ఎండిపోవడమేంటండీ, అదేమన్నా కాలవా?"

"నవ్వకండి. నా దగ్గరో వయొలిన్ కచేరీ సీడీ ఉంది. వయొలినాయన ఎడంపక్క, మృదంగం ఆయన కుడిపక్క. కొన్న కొత్తలో వయొలినాయన మా గుమ్మం దగ్గరే కూర్చుని వాయించేవాడు. ఇప్పుడు పక్కింట్లో కూర్చున్నట్టుంది. ఇలా జరుక్కుంటూ పోతే ఊరు దాటిపోతాడు."

నేను మూత విప్పాను. సముద్రపు గాలికి కనెక్టర్లకి పచ్చగా చిలుము పట్టింది. గీకి తుడిచాను. స్పీకర్ల బదులు డమ్మీ లోడు తగిలించాను. అంటే పాట పాడకుండా వేడెక్కి ఊరుకునే పెద్ద రెసిస్టర్లు. రెండు ఛానెళ్ళకీ ఒకటే సిగ్నల్ ఇచ్చి ఆసిలోస్కోపులో చూశాను. అది కరెంటు కదలికని గీతలా చూపించే తెర. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పరిచినట్టున్నాయి. కవల పిల్లలు కూడా అంత ఒకేలా ఉండరు. చిలుము వల్లే అయ్యుంటుందని చెప్పి పంపేశాను.

కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చింది యాంప్లిఫయరు. మళ్ళీ రెండు గీతలూ ఒకటే. షాపులోనే స్పీకర్లు తగిలించి ఇద్దరం విన్నాం.

"నాకు సమానంగానే వినపడుతోందండీ," అన్నాను.

"ఏం సమానం? పెళ్ళి మైకుల పక్కన కూర్చుని కూర్చుని మీ చెవులు కాలిపోయాయి. నా చెవి పాట పాడే చెవండీ. ఇసకలో ఎండ్రకాయ నడిస్తే ఎటు పోయిందో చెబుతాను."

ఆ మాటతో నాకే అనుమానం పుట్టింది. ఆ రోజంతా చేతి గడియారం ఒకసారి ఈ చెవికీ ఒకసారి ఆ చెవికీ పెట్టుకుంటూ గడిపాను. పక్క షాపు డాక్టరు గారు చూసి, టైమెంతైందని చెవుల్ని అడుగుతున్నారేంటండీ అన్నారు. యాంప్లిఫయరుదా, నా చెవులదా తప్పు, తేలాల్సిందే అనిపించింది. ఇంటికే వచ్చి చూస్తానని నాంచారయ్య గారికి చెప్పాను.

బందరు బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో వాళ్ళ ఊరు చేరాను. ముందు గదిలో రెండు స్పీకర్లు, మధ్యలో చేతుల కుర్చీ. గదిలో ఉప్పు వాసన, అగరొత్తుల వాసన. పక్కింటి మంగమ్మ గారు కూడా వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. రేవులో తట్టల ఆడవాళ్ళకి పెద్ద ఆవిడ. నాంచారయ్య గారికి వరసకి పిన్ని. ఆవిడ గొంతు లేస్తే సముద్రం వెనక్కి తగ్గుతుందనేవారు.

"ఏం నాయనా, అబ్బాయి పెట్టెకి వైద్యం చెయ్యడానికి వచ్చావా? ఆ పెట్టె పాడితే మా ఇంట్లో గిన్నెలు తిరగబడుతున్నాయి. దానికి నీరసం అంటాడేంటి?"

"మీరు కాసేపు లోపలికెళ్ళి వక్కలు కత్తిరించుకోండి పిన్నీ," అన్నారు నాంచారయ్య గారు నవ్వి. సీతారావమ్మ గారు ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళారు.

మా పనిలో అన్నిటికన్నా పాత పద్ధతి, మార్చి చూడడం. ఏ మీటరూ లేనప్పుడు కూడా ఇది ఉంది. ఎడమ పక్క తగ్గిందనుకోండి. యాంప్లిఫయరు వెనక ఎడమ వైరు కుడికీ, కుడి వైరు ఎడమకీ తగిలించాలి. నీరసం కుడి స్పీకరుకి పోతే తప్పు యాంప్లిఫయరుది. పోకపోతే కాదు. అలా ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే, దేన్ని మార్చినప్పుడు జబ్బు కూడా చోటు మారిందో అదే దొంగ.

యాంప్లిఫయరు దగ్గర వైర్లు మార్చాను.

"ఎటుందండీ?"

"మృదంగం ఇటొచ్చింది, వయొలిన్ అటు పోయింది. కానీ తక్కువ మాత్రం ఎడం పక్కే."

స్పీకర్లనే ఎత్తి ఇటుది అటు పెట్టాను. నడుం పట్టేసింది.

"ఎడం పక్కే."

సీడీ ప్లేయరు వెనక మార్చాను. ఎడం పక్కే. ఎడమ పక్కనున్న కిటికీ తలుపు మూశాను, కుడి పక్క పరుపుల దొంతర తీయించాను. ఎడం పక్కే. ఆయన లేచాక కుర్చీలో నేను కూర్చున్నాను. నాకు రెండూ సమానం. చెమటలు కారుతున్నాయి. అన్నీ మళ్ళీ మొదట్లో ఉన్నట్టే తగిలించాను. ఇక మార్చడానికి గదిలో ఏమీ మిగల్లేదు.

అలాంటప్పుడు ఒక పరాచికం ఆడడం నాకు అలవాటు. "అన్నీ మార్చి చూశామండీ. ఇక మిగిలింది మీరే. కుర్చీ తిప్పుకుని స్పీకర్లకి వీపు పెట్టి కూర్చోండి, మిమ్మల్ని కూడా మార్చి చూద్దాం," అన్నాను.

ఆయన నవ్వుతూ కుర్చీ తిప్పారు. కూర్చుని కళ్ళు మూసుకున్నారు. నేను వయొలిన్ సీడీ పెట్టాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. ఒక్క ఉదుటున కుడి చెయ్యి ఎత్తి, "వచ్చాడండీ! వయొలినాయన వచ్చేశాడు! ఇదిగో ఇక్కడ, నా పక్కన! ఏం చేశారండీ?" అని గట్టిగా అరిచారు.

కాసేపటికి ఆ చెయ్యి మెల్లిగా కిందికి దిగింది. ఎడమ చెయ్యి లేచింది. "మృదంగం..." అన్నారు. "మృదంగం ఆయన ఏడండీ?"

మృదంగం వాయిస్తూనే ఉంది. ఆయన ఎడమ చెవి పక్కనే, కుడి స్పీకర్లోంచి, గది అదిరేట్టు వాయిస్తోంది.

ఆయన కళ్ళు తెరవలేదు. పాట అయ్యేదాకా అలాగే కూర్చున్నారు. తర్వాత ఎడమ చెవిని అరచేత్తో మూసి, తీసి, మళ్ళీ మూసి చూసుకున్నారు. మూసినా తీసినా ఒకటేనని ఆయన ముఖంలోనే కనపడింది. నేను యాంప్లిఫయరు స్విచ్చి కట్టేశాను. అది వెంటనే చల్లారదు. రెక్కలు టిక్కు టిక్కుమని చాలాసేపు ముడుచుకుంటాయి. ఆ చప్పుడు ఆయనకి ఎంత వినపడిందో నాకు తెలియదు.

"మూర్తిగారూ," అన్నారు చివరికి, గొంతు బాగా తగ్గించి. "ఇది రేవులో తెలిస్తే పాట నాది కాదు. పొద్దున్నే లేచి ఎటు పోవాలండీ నేను?"

"డాక్టరుకి చూపిద్దామండీ."

"చూపిద్దాం. ముందు ఈ గుమ్మం దాటాలి కదా. లోపల మా పిన్ని ఉంది. పెట్టె ఏమైందని అడుగుతుంది. ఏమీ కాలేదంటే ఇంకోటేదో అయిందని పట్టేస్తుంది. మీకు కథలు బాగా వచ్చంటారు. ఒకటి చెప్పండి."

నా పనితనాన్ని మెచ్చుకుంటూ ఎవరేం అడిగినా నేను కాదనలేదు ఎప్పుడూ. ఇదీ కాదనలేకపోయాను. మూత విప్పినట్టు చేసి, గట్టిగా పిలిచాను. ఆడవాళ్ళిద్దరూ వచ్చారు.

"దొరికిందండీ. ఎడమ ఛానెల్ బోర్డు మీద బల్లి కాపురం పెట్టింది," అన్నాను.

"ఓరినీ, బల్లా?" అన్నారు మంగమ్మ గారు.

"బల్లంటే అలాంటిలాంటి బల్లి కాదు. గుడ్లు పెట్టింది. ఈ పెట్టె వేడికి పొదగాల్సిన శ్రమ కూడా లేకపోయింది దానికి. పిల్లలు పుట్టాయి. పుట్టినప్పట్నుంచీ వయొలినే వింటున్నాయి కదా, సాధన మొదలుపెట్టాయి. వయొలిన్ స్వరం రావడం, ఇవి దాన్ని లోపలే మింగడం. బయటికేం మిగుల్తుంది?"

"పిల్లలెన్నయ్యా?"

"ఏడు. స్వరానికొకటి."

మంగమ్మ గారు నేలమీద కూలబడి పొట్ట పట్టుకున్నారు. "ఆ పిల్లల్నేం చేశావు నాయనా?"

"ఈ సంచీలోనే ఉన్నాయండీ. విజయవాడ తీసుకెళ్ళి సంగీతం కాలేజీలో చేర్పిస్తాను. హాస్టలు దొరక్కపోతే మా షాపులోనే."

సీతారావమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అందరికన్నా గట్టిగా నవ్వింది నాంచారయ్య గారే. మంగమ్మ గారు ఆయన ఎడమ పక్కన కూర్చునున్నారు. ఆయన ముందు ఆవిడ ముఖం చూసి, ఆవిడ నవ్వుతున్నారని తెలుసుకుని, అప్పుడు నవ్వారు. ఆ కాస్త తేడా నాకొక్కడికే తెలుసనుకున్నాను.

తర్వాత వారం విజయవాడ వచ్చారు. చెవి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. డాక్టరు గారు చెవిలో సంగీతం కన్నా సన్నటి శబ్దాలు వినిపించి పరీక్ష చేశారు. కుర్రతనంలో ఇంజను ఏ పక్కన ఉండేదని అడిగారు. ఎడం పక్క, అన్నారు నాంచారయ్య గారు. అది ఒక్కటే కారణమని చెప్పలేననీ, ఆ పక్క నరం బాగా దెబ్బతిందనీ, మిషను పెట్టినా పెద్దగా ఉపయోగం ఉండదనీ డాక్టరు గారు చెప్పారు. బయటికొచ్చి ఏలూరు రోడ్డు దాటుతుంటే ఎడమ పక్కనుంచి సిటీ బస్సు హారన్ కొడుతూ వచ్చేసింది. నేను చొక్కా పట్టుకుని లాగాను. "ఎటునుంచి వచ్చిందండీ అది?" అన్నారు. ఇసకలో ఎండ్రకాయ సంగతి నాకు గుర్తొచ్చింది, అనలేదు.

ఆ ఏడాది చేపల కాలమంతా ఆయన పాట పాడుతూనే ఉన్నారు. ఫోన్ చేసినప్పుడు బల్లి పిల్లలు ఎలా చదువుతున్నాయని అడిగేవారు. మూడోది కాస్త మందబుద్ధండీ అనేవాణ్ణి. అంతకుమించి ఇద్దరం ఏమీ మాట్లాడుకునేవాళ్ళం కాదు.

మరుసటి ఏడాది చలికాలంలో ఒకరోజు ఎస్టీడీ బూత్ నుంచి నాంచారయ్య గారి ఫోన్ వచ్చింది. ఒకసారి రమ్మన్నారు, పెట్టె సంగతి అన్నారు. గొంతు బాగాలేదు. తెల్లారి మొదటి బస్సుకే బయల్దేరాను. ఇంటి దగ్గర సీతారావమ్మ గారొక్కరే ఉన్నారు.

"రేవులో ఉన్నారండీ. గొడవగా ఉంది. మీరొకసారి వెళ్ళండి."

"గొడవేంటమ్మా?"

"తట్టల వాళ్ళ పాట ఈయన పట్టించుకోవడం లేదంట. లారీల వాళ్ళ దగ్గర తిని వాళ్ళకే పాట కొట్టేస్తున్నాడని..." ఆవిడ ఆగి, కొంగు చివర మెలిపెట్టారు. "నాకు తెలుసండీ ఎందుకో. ఆయన మీకు చెప్పారో లేదో. నేను ఏడాదిన్నర నుంచి ఆయన కుడి పక్కనే నడుస్తున్నాను."

రేవుకి నడిచాను.

ఇసకమీద చందువ రాశి పోసుంది. పాట ఆగిపోయింది. ఆడవాళ్ళు ఖాళీ తట్టలు తిరగేసి వాటిమీద కూర్చున్నారు. మంగమ్మ గారు నాంచారయ్య గారి ఎదురుగా నిలబడి ఉన్నారు.

"మీ నాన్న పాడేటప్పుడు నేను సణిగినా వినపడేది. నీకు నేను అరిచినా వినపడదేంట్రా? రెండు నెలల్నుంచి చూస్తున్నాను. నేను పెంచుతాను, నువ్వు లారీ ఆయనకి కొట్టేస్తావు. మేం ఖాళీ తట్టల్తో ఇంటికి పోవాలా? ఎంతకి అమ్ముడుపోయావు చెప్పు!"

నాంచారయ్య గారు ఆవిడ పెదాలకేసి చూస్తున్నారు. కుడి పక్క లారీల వాళ్ళు నాకేం సంబంధం అన్నట్టు బీడీలు కాలుస్తున్నారు. ఎవరైనా నాలుగు మాటలంటే పడగల మనిషే ఆయన. కానీ అమ్ముడుపోయావన్న మాటకి ఆయన మెడ నరాలు పొంగాయి. అప్పటికీ నోరు విప్పలేదు. విప్పితే పాట పోతుంది, విప్పకపోతే పరువు పోతుంది.

నేనే ఆగలేకపోయాను. "ఆయనకి ఎడమ చెవి వినపడదమ్మా!" అన్నాను.

మంగమ్మ గారు నన్ను గుర్తుపట్టారు.

"నువ్వా నాయనా! చెవిలో బల్లి గుడ్లు పెట్టిందా?"

రేవంతా ఘొల్లున నవ్వింది. బల్లి కథ అప్పటికే ఊరంతా తిరిగినట్టుంది. "ఎన్ని పిల్లలూ?" అని ఒకరు. "చెవిలో కూడా ఏడేనా?" అని ఇంకొకరు. నేను ఒట్టు వేశాను, డాక్టరు సంగతి చెప్పాను. చెప్పినకొద్దీ నవ్వు పెరిగింది. నా జన్మలో నా మాటకి అంత నవ్వు ఎప్పుడూ రాలేదు.

అప్పుడు నాంచారయ్య గారు భుజంమీది తువ్వాలు తీసి నా చేతికిచ్చారు. జనానికి వీపు పెట్టి తిరిగారు. ఇప్పుడు ఆడవాళ్ళు కుడి పక్కకి వచ్చారు, లారీల వాళ్ళు ఎడమ పక్కకి.

"పిన్నీ," అన్నారు సముద్రంకేసి చూస్తూ. "ఇప్పుడు పిలవండి. మెల్లిగా పిలవండి."

నవ్వు తగ్గింది. ఒకావిడ ఏదో ధర అంది, మామూలు గొంతుతో. "నువ్వు పోలేరమ్మవి," అన్నారు ఆయన. ఇంకో ఆవిడ ఇంకా సన్నగా అంది. "వెంకాయమ్మ. జలుబు చేసింది నీకు." ఒక్కొక్కరే పిలిచారు, ఒక్కొక్కరినే పేరు పెట్టి చెప్పారు. ఆఖర్న మంగమ్మ గారు, మాట కాదు, ఊరికే గొంతు సవరించుకున్నారు. "మీరే పిన్నీ."

తర్వాత ఆయన, "లారీ వాళ్ళు కూడా పిలవండయ్యా," అన్నారు.

ఒకతను పిలిచాడు. నాంచారయ్య గారు కదల్లేదు. అతను ఇంకా గట్టిగా పిలిచాడు. అలల హోరులో ఆ కేక మా అందరికీ వినపడింది. నాంచారయ్య గారు సముద్రంకేసి చూస్తూ, చెవి రిక్కించుకుని, ఇంకా ఎదురుచూస్తూ నిలబడ్డారు. "పిలవండయ్యా," అన్నారు మళ్ళీ. "ఎవరూ పిలవరేంటి?"

మంగమ్మ గారు వెళ్ళి ఆయన కుడి చెయ్యి పట్టుకున్నారు. "చాలు నాయనా, ఇటు తిరుగు," అన్నారు. ఆవిడ గొంతు అంత చిన్నగా ఉంటుందని ఆ రేవులో ఎవరికీ తెలియదు.

ఆడవాళ్ళే ఒక దారి చెప్పారు, రేపటినుంచి మేం కుడి పక్కన నిలబడతాం, లారీల వాళ్ళని ఎడమ పక్కకి రమ్మనండి అని. లారీల వాళ్ళు ఒప్పుకోలేదు. వినపడని పక్కన మేమెందుకు నిలబడాలి అన్నారు. అదీ న్యాయమే. సాయంత్రం ఊరి పెద్దలు కూర్చుని పాట వేరే ఆయనకి అప్పగించారు. నాంచారయ్య గారిని ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అందరూ ఆయన కుడి పక్కకి వచ్చి, కొంచెం వంగి, గట్టిగా, ముక్కలు ముక్కలుగా మాట్లాడడం మొదలుపెట్టారు. దానికన్నా తిట్లే నయమని ఆయన నాతో అన్నారు.

రాత్రి ఆఖరి బస్సు తప్పిపోయి అక్కడే పడుకున్నాను. పొద్దున్నే ఆయన అసలు పని చెప్పారు.

"రెండూ కలిపేయండి మూర్తిగారూ. వయొలినూ మృదంగమూ ఒకే స్పీకర్లోంచి రావాలి. దాన్ని నా కుడి పక్కన పెట్టండి."

ఇది మోనో చెయ్యడం. సిగ్నల్ లోపలికొచ్చే చోట రెండు చిన్న రెసిస్టర్లు పెట్టి, ఎడమనీ కుడినీ కలిపి ఒకే ఛానెల్లోకి పంపితే అయిపోతుంది. టీ చల్లారేలోపు చేసేయవచ్చు. కానీ స్టీరియో వినడం కోసమే పుట్టిన యాంప్లిఫయరు అది. దాన్ని మోనో చెయ్యమన్నవాళ్ళు నా సర్వీసులో ముందూ లేరు, తర్వాతా లేరు. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కినా దాన్ని స్టాండు మీంచి తియ్యకుండా కూర్చున్నాను. ఆయన చూసి, "కానివ్వండి, నొప్పేం పుట్టదు దానికి," అన్నారు.

ఎడమ స్పీకరుకి వైరు పీకేసి, దాన్ని గోడ వైపు తిప్పి, పైన గుడ్డ కప్పాము. కుడి స్పీకరు ఆయన కుర్చీకి కుడి పక్కన పెట్టి సీడీ వేశాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. వయొలిన్ మొదలైంది, మృదంగం అందుకుంది.

"ఎలా ఉందండీ?"

ఆయన కుడి చెవి స్పీకరు వైపు వంచారు. "ఇద్దరూ వచ్చారు. వయొలినాయన మృదంగం ఆయన ఒళ్ళో కూర్చుని వాయిస్తున్నాడు. ఇరుకుగా ఉంది పాపం."

నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు. నేనే ఏదైనా అందామని నోరు తెరిచాను కానీ, బల్లి కథ చెప్పిన నోరు కదా, దాన్ని మూసేశాను.

బయల్దేరేటప్పుడు అలవాటుగా యాంప్లిఫయరు మీద చెయ్యి వేసి చూశాను. క్లాస్ ఏ కదా, పాట లేకపోయినా కాలుతుంది. ఎడమ ఛానెల్ రెక్కలు కూడా కుడి దాంతో సమానంగా వేడిగా ఉన్నాయి. దానికి స్పీకరు లేదు, వైరు లేదు. సీతారావమ్మ గారు ఆ పక్కనే వడియాల పళ్ళెం సర్దుతున్నారు.

ఆ తర్వాత ఇన్నేళ్ళూ ఈ పనే చేస్తున్నాను. ఒక పక్క తగ్గిందని వచ్చే కస్టమర్లు ఇప్పటికీ ఉన్నారు. వైర్లు మారుస్తాను, స్పీకర్లు మారుస్తాను, పక్కన జనం ఉన్నా, మాట్లాడుతూ, నవ్విస్తూ మారుస్తాను. అన్నీ అయిపోయి కుర్చీ ఒక్కటే మిగిలినప్పుడు మాత్రం నోరు కట్టేసుకుంటాను. పక్కనున్నవాళ్ళని ఏదో పని చెప్పి బయటికి పంపుతాను. తలుపు వేస్తాను. ఆ మనిషిని అడిగి, ఆయన సరేనన్నాకే కుర్చీ తిప్పుతాను. తర్వాత బయటికొచ్చి ఏం చెప్పాలో ఆయన్నే చెప్పమంటాను. నేను చెప్పను.